పని నేర్పే మనిషికే చోటు లేని అప్రెంటిస్‌షిప్

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం 2016 ఆగస్టులో మొదలైన నాటి నుంచి 2025 మే వరకు దేశవ్యాప్తంగా 43 లక్షల మందికి పైగా యువతీయువకులు అప్రెంటిస్‌లుగా చేరారని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ బోధిస్తూ ఉద్యోగ జీవితమంతా గడిపిన నాకు ఈ సంఖ్య నిజంగానే సంతోషం కలిగించింది. చదువు పూర్తిచేసి, సర్టిఫికెట్ చేతపట్టుకుని, అనుభవం లేదన్న ఒక్క కారణంతో గేటు దగ్గర నుంచే వెనక్కి వచ్చే పేదింటి పిల్లలకు కర్మాగారం లోపలి ప్రపంచాన్ని చూపించడానికి అప్రెంటిస్‌షిప్‌ను మించిన మార్గం నాకు కనబడలేదు. అయితే ఈ పెరుగుదలను మనం కొలుస్తున్న తీరు, దానికోసం ఖర్చవుతున్న ప్రజాధనం వెళ్తున్న దారి నన్ను కలవరపెడుతున్నాయి. ఎంతమంది ఒప్పంద పత్రం మీద సంతకం చేశారన్నది లెక్కకు వస్తోంది. వారికి పని ఎవరు నేర్పారు, ఏం నేర్పారు, నేర్చుకున్నాక వారు ఏమయ్యారు అన్నది ఆ లెక్కలో కనబడడం లేదు. మీ పాఠకుల ముందు, రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాల ముందు ఈ విషయాన్నే ఉంచదలచి ఈ లేఖ రాస్తున్నాను.

అప్రెంటిస్‌షిప్ మనకు కొత్తది కాదు. అనాథలకు, పేదపిల్లలకు చేతిపనులు నేర్పించే ఉద్దేశంతో 1850లోనే కంపెనీ పాలకులు ఒక చట్టం చేశారు. స్వతంత్ర భారతదేశం భారీ పరిశ్రమల బాట పట్టిన రోజుల్లో 1961లో ఇప్పటి అప్రెంటిస్‌ల చట్టం వచ్చింది. 1973లో ఇంజనీరింగ్ పట్టభద్రులను, డిప్లొమా చేసినవారిని, 1986లో ఇంటర్ వృత్తివిద్య చదివినవారిని దాని పరిధిలోకి తెచ్చారు. ఇంత చరిత్ర ఉన్నా దేశంలో అప్రెంటిస్‌ల సంఖ్య చాలాకాలం మూడు లక్షల దగ్గరే ఉండిపోయింది. మన శ్రామికుల్లో క్రమబద్ధమైన నైపుణ్య శిక్షణ పొందినవారు 4.69 శాతం మాత్రమేననీ, అదే జర్మనీలో 75 శాతం, జపాన్‌లో 80 శాతం, దక్షిణ కొరియాలో 96 శాతమనీ 2015 నాటి జాతీయ నైపుణ్య విధానం స్వయంగా ఒప్పుకుంది. అందుకే 2014లో చట్టాన్ని సవరించారు. 2019లో నిబంధనలు మార్చి, 30 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలన్నారు. ఇచ్చే స్టైపెండ్‌లో నాలుగో వంతు, గరిష్ఠంగా నెలకు 1,500 రూపాయలు, కేంద్రమే భరిస్తోంది. 2023 ఆగస్టు నుంచి ఆ వాటాను నేరుగా అప్రెంటిస్ బ్యాంకు ఖాతాలోనే వేస్తున్నారు. దళారీల చేతివాటానికి తావులేకుండా చేసిన ఆ మార్పు మెచ్చుకోదగినది. పట్టభద్రులకు, డిప్లొమా చేసినవారికి విద్యాశాఖ నడిపే మరో పథకంలో కేంద్రం వాటా సగం దాకా ఉంది.

ఈ డబ్బంతా అప్రెంటిస్‌ను లోపలికి తీసుకోవడానికి ఇచ్చే ప్రోత్సాహమే. లోపలికి వెళ్లిన తరువాత అతని పక్కన నిలబడి పని చూపించే సీనియర్ ఫిట్టర్‌కు, ఎలక్ట్రీషియన్‌కు, ఫోర్‌మన్‌కు ఈ స్టైపెండ్ సాయంలో వాటా లేదు. పథకం తొలి రూపంలో, ఐటీఐ చదవకుండా నేరుగా వచ్చినవారికి 500 గంటల ప్రాథమిక శిక్షణ కోసం 7,500 రూపాయల వరకు ఇచ్చే ఏర్పాటు ఉండేది. అది కూడా శిక్షణ కేంద్రం ఖర్చే కానీ షాప్‌ఫ్లోర్‌లో నేర్పే మనిషి శ్రమకు విలువ కట్టిన ఏర్పాటు కాదు. విత్తనాలకు సబ్సిడీ ఇచ్చి, కాలువలో నీళ్లు వస్తాయో రావో పట్టించుకోని వ్యవసాయ పథకం ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

పని నేర్పడం అంటే ఏమిటో ఆ పనిలో లేనివారి కోసం కొంచెం వివరంగా చెప్పడం అవసరం అనుకుంటున్నాను. ఐటీఐలో ఫిట్టర్ విద్యార్థి మొదటి నెలలన్నీ ఆకురాయి పట్టడంతోనే గడుపుతాడు. ఇనుప దిమ్మెను వైస్‌లో బిగించి, ట్రైస్క్వేర్ ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తూ, ఎక్కడ మిట్ట ఉందో అక్కడ మాత్రమే రాస్తూ, చివరికి రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి సందు లేకుండా అమరేలా చేస్తాడు. 0.04 మిల్లీమీటరు తేడాను మించకుండా కొలత తేవడం అతని చేతికి అలవాటు కావాలి. ఇది పునాది. ఐటీఐ వర్క్‌షాపులో దీనిని నేర్పగలం, నేర్పుతున్నాం. కానీ పంపునూ మోటారునూ ఒకే రేఖలోకి తెచ్చి కప్లింగ్ బిగించేటప్పుడు డయల్ గేజ్ ముల్లు ఎటు కదిలితే ఏ కాలి కింద ఎంత మందం షిమ్ (ఎత్తు సరిచేసే పలుచని రేకు) వేయాలో, బేరింగ్ పట్టేసే ముందు దాని శబ్దం ఎలా మారుతుందో, నడుస్తున్న లైను ఆపమని ఎప్పుడు గట్టిగా చెప్పాలో, ఎప్పుడు షిఫ్టు ముగిసేదాకా ఆగవచ్చో ఐటీఐలో నేర్పడం మా వల్ల కాదు. అక్కడ నిజమైన యంత్రం, నిజమైన ఒత్తిడి, పొరపాటు జరిగితే నిజమైన నష్టం ఉండవు. అవి కర్మాగారంలోనే ఉంటాయి. వాటిని ఇరవై, ముప్పై ఏళ్లుగా చేతులతో తెలుసుకున్న మనిషి పక్కనుంటేనే కుర్రవాడికి అబ్బుతాయి. ఆ మనిషి తన పని కాసేపు ఆపి, స్పానర్ కుర్రవాడి చేతికిచ్చి, తప్పుగా బిగిస్తే విప్పించి మళ్లీ బిగించేలా చేయాలి. అందుకు సమయం కావాలి, ఓపిక కావాలి, యాజమాన్యం అనుమతి కావాలి. నెలవారీ ఉత్పత్తి లక్ష్యం మెడ మీద ఉన్న సీనియర్ కార్మికుడికి ఈ మూడింటిలో ఒక్కటీ దొరకడం లేదు. పైగా తాను నేర్పిన కుర్రవాడు రేపు తక్కువ జీతానికి తన స్థానంలోనే వస్తాడేమోనన్న భయం కూడా అతనికి ఉంటుంది. శాశ్వత ఉద్యోగాలు తగ్గి కాంట్రాక్టు పని పెరిగిన చోట ఆ భయాన్ని తప్పుపట్టలేం.

చట్టం ఈ మనిషిని మరచిపోలేదు. 1961 చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం యజమానికి స్వయంగా ఆ ట్రేడ్‌లో అర్హత లేకపోతే, నిర్దేశిత అర్హత ఉన్న వ్యక్తిని అప్రెంటిస్ శిక్షణకు బాధ్యుడిగా నియమించాలి. సైద్ధాంతిక, ఆచరణాత్మక శిక్షణకు తగినంత బోధనా సిబ్బందిని కూడా సమకూర్చాలి. అంటే నేర్పే మనిషి ఉండడం యజమాని దయ కాదు, చట్టప్రకారం అతని బాధ్యత. ఆ బాధ్యతను నెరవేరుస్తున్నారో లేదో వెళ్లి చూసే యంత్రాంగమే బలహీనంగా ఉంది. 2014కు ముందు చట్టాన్ని ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలుశిక్షకు అవకాశం ఉండేది. ఆ నిబంధన పరిశ్రమలను భయపెట్టి అప్రెంటిస్‌లనే తీసుకోకుండా చేసిందన్న వాదనలో నిజం లేకపోలేదు కనుక దాన్ని తొలగించడాన్ని నేను తప్పుపట్టను. దాని స్థానంలో పెట్టిన జరిమానా మాత్రం, తీసుకోవలసిన అప్రెంటిస్‌లలో తగ్గిన ఒక్కొక్కరికి మొదటి మూడు నెలలు నెలకు 500 రూపాయలు, ఆపైన నెలకు 1,000 రూపాయలు. ఇది సంఖ్య తగ్గినందుకు వేసే జరిమానా అన్నది గమనించాలి. తలలు లెక్కకు సరిపోతే, నేర్పకపోయినా అడిగేవారు దాదాపు లేరు.

ఫలితం ఎలా ఉంటుందో నా దగ్గర చదువుకుని వెళ్లిన పిల్లల ద్వారానే తెలుసుకున్నాను. కొన్ని మంచి కర్మాగారాల్లో ప్రత్యేక శిక్షణ విభాగం ఉంది, వారం వారం లాగ్‌బుక్ చూసి సంతకం చేసే ఇంజనీరు ఉన్నాడు, అక్కడ ఏడాది గడిపి వచ్చిన కుర్రవాడి మాటతీరులోనే తేడా తెలిసేది. మరికొన్ని చోట్ల ఫిట్టర్ అప్రెంటిస్‌గా చేరినవాడు ఏడాది పొడవునా అట్టపెట్టెలకు టేపు అంటించాడు, ట్రాలీ తోశాడు, రాత్రి షిఫ్టులో ఒకే యంత్రం బటన్ నొక్కాడు. లాగ్‌బుక్‌లో మాత్రం సిలబస్ అంతా పూర్తయినట్టు చివరి వారంలో ఒకేసారి రాయించారు. ఆ కుర్రవాడు తిరిగి వచ్చి, "సార్, ఐటీఐలో నేర్చుకున్నది కూడా మరచిపోయాను" అన్నప్పుడు చెప్పడానికి నా దగ్గర సమాధానం లేదు. అతను కూడా అధికారిక లెక్కలో ఒక అప్రెంటిస్సే. మంచి కర్మాగారంలో పని నేర్చుకున్నవాడికీ ఇతనికీ ఆ లెక్కలో తేడా లేదు.

2014 సవరణ ప్రవేశపెట్టిన ఐచ్ఛిక ట్రేడ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఫిట్టర్, టర్నర్, వెల్డర్ వంటి నిర్దేశిత ట్రేడ్లకు జాతీయ స్థాయి సిలబస్, పరీక్ష ఉన్నాయి. ఐచ్ఛిక ట్రేడ్‌లో ఏం నేర్పాలో, ఎంతకాలం నేర్పాలో సంస్థే నిర్ణయించుకోవచ్చు. రిటైల్ దుకాణాలు, గోదాములు, కాల్ సెంటర్లు, ఆస్పత్రులు, హోటళ్లు వంటి సేవారంగానికి తలుపులు తెరవడానికి ఈ వెసులుబాటు అవసరమే. ఫ్యాక్టరీ ట్రేడ్ల చట్రంలో ఇమడని ఉద్యోగాలే ఇప్పుడు ఎక్కువ. కానీ నెలా రెండు నెలల్లో వచ్చేసే పనికి ఏడాది అప్రెంటిస్‌షిప్ పెడితే మిగిలిన పది నెలలూ అది తక్కువ ఖర్చుతో దొరికే శ్రమే అవుతుంది. 22వ సెక్షన్ ప్రకారం ముందుగా ఒప్పుకుంటే తప్ప శిక్షణ తరువాత ఉద్యోగం ఇవ్వవలసిన బాధ్యత యజమానికి లేదు. 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ శిక్షణార్థే కానీ కార్మికుడు కాడు. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి కూడా కార్మికుడి నిర్వచనం నుంచి అతన్ని మినహాయించింది. అతను నేర్చుకుంటున్నాడు కనుక ఆ మినహాయింపు న్యాయమే. కానీ అతనికి నేర్పనినాడు ఆ మినహాయింపుకు ఆధారమే ఉండదు. అప్పుడు అతను భవిష్యనిధీ సంఘమూ లేక, తక్కువ కూలికి పనిచేస్తున్న కార్మికుడే అవుతాడు. నేర్పే మనిషి ఉన్నాడా లేడా అన్న ప్రశ్నను నేను ఇంతగా పట్టుకుని అడగడానికి ముఖ్యమైన కారణం ఇదే.

స్టైపెండ్ సంగతి కూడా దీనితో ముడిపడి ఉంది. 2014 నిబంధనల్లో ట్రేడ్ అప్రెంటిస్ స్టైపెండ్‌ను ఆ రాష్ట్రంలో సగం నైపుణ్యం ఉన్న కార్మికుడి కనీస వేతనంతో ముడిపెట్టారు: మొదటి ఏడాది 70 శాతం, రెండో ఏడాది 80 శాతం, మూడో ఏడాది 90 శాతం. ధరలతో పాటు కనీస వేతనం పెరిగితే స్టైపెండ్ కూడా దానంతట అదే పెరిగే ఏర్పాటు అది. 2019లో ఆ ముడి తెంచి, చదువును బట్టి 5,000 నుంచి 9,000 రూపాయల వరకు స్థిరమైన మొత్తాలు నిర్ణయించారు. ఐటీఐ చదివినవారికి అది 7,000. దానిని 36 శాతం పెంచి 6,800 నుంచి 12,300 రూపాయలు చేయాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 2025 మేలో సిఫార్సు చేసింది. శ్రీకాకుళం జిల్లా నుంచి అచ్యుతాపురానికో, ఆదిలాబాద్ నుంచి పటాన్‌చెరుకో వచ్చిన కుర్రవాడు 7,000 రూపాయలతో నలుగురితో కలిసి గది అద్దె కట్టి, భోజనం చేసి, ఇంటికి పంపడానికి ఏం మిగులుతుందో ఎవరైనా ఊహించవచ్చు. అదే గేటు లోపల కాంట్రాక్టు హెల్పర్‌గా చేరితే ఎక్కువ వస్తుందని తెలిసినప్పుడు అతను మధ్యలోనే మానేస్తే ఆ తప్పు అతనిది కాదు. పొలం పనులున్న నెలల్లో ఇంటికి వెళ్లి తిరిగి రానివారు కూడా ఉన్నారు. సిఫార్సు చేసిన పెంపు అమలైనా, మళ్లీ కొన్నేళ్లకు అది పాతబడుతుంది. కనీస వేతనంతో ఉన్న పాత ముడిని తిరిగి వేయడమే సరైన దారి. అమ్మాయిల సంగతి మరీ విడిగా చూడాలి. చేరినవారిలో వారు ఐదో వంతు దగ్గరే ఉండడానికి ఆసక్తి లేకపోవడం కారణం కాదు. మా ఐటీఐలో ఎలక్ట్రీషియన్, డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడ్లు చదివిన అమ్మాయిలు అబ్బాయిలకు ఏమాత్రం తీసిపోలేదు. పారిశ్రామిక వాడ దగ్గర భద్రమైన హాస్టల్, షిఫ్టు ముగిశాక నమ్మదగిన బస్సు లేకపోతే ఏ తండ్రి పంపుతాడు?

నేర్పే మనిషి ప్రాధాన్యం ఎంతటిదో జర్మనీ తన అనుభవంతోనే తెలుసుకుంది. మన అధికారులు, పరిశ్రమల ప్రతినిధులు ప్రతి సదస్సులోనూ కొంత బడిలో, కొంత కర్మాగారంలో నేర్పే జర్మనీ ద్వంద్వ శిక్షణ విధానాన్ని పొగుడుతారు కానీ అందులోని ఒక ముఖ్యమైన ఘట్టాన్ని ప్రస్తావించరు. అక్కడ సంస్థలో అప్రెంటిస్‌లకు శిక్షణ ఇవ్వాలంటే తన వృత్తిలో నైపుణ్యం ఒక్కటే చాలదు, నేర్పే నైపుణ్యం ఉందని ఆ వ్యక్తి ప్రత్యేక పరీక్షలో రుజువు చేసుకోవాలి. ఈ నిబంధన 1970ల నుంచి ఉంది. అప్రెంటిస్‌షిప్ స్థానాలు చాలడం లేదని, ఈ పరీక్ష చిన్న సంస్థలకు అడ్డంకి అవుతోందని భావించి 2003లో ప్రభుత్వం దానిని తాత్కాలికంగా ఎత్తివేసింది. అర్హత గల శిక్షకులు లేని సంస్థల్లో మధ్యలో మానేసేవారు ఎక్కువగా ఉన్నారని, శిక్షణ నాణ్యత గురించి ఫిర్యాదులు పెరిగాయని గమనించి 2009లో తిరిగి ప్రవేశపెట్టింది. సంఖ్య కోసం నాణ్యతను సడలించి చూసి, ఆరేళ్లలో వెనక్కి వచ్చిన దేశం అది. వారి పద్ధతిని యథాతథంగా తెచ్చి ఇక్కడ పెట్టమని నేను అనడం లేదు. వారికి ఉన్నట్టు మనకు పరీక్షలు నిర్వహించగల బలమైన వాణిజ్య మండళ్లు లేవు, వారి పరిశ్రమలు, జీతాలు వేరు. కానీ వారు ఆరేళ్లు వెచ్చించి తెలుసుకున్న విషయాన్ని మనం వేరే నష్టం లేకుండా తెలుసుకునే వీలున్నప్పుడు వదులుకోవడం ఎందుకు?

నేర్పగలిగిన మనుషులు మనకు లేక కాదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే మేస్త్రీలు, ఇంజన్ బోరింగ్ చేసేవారు, గేర్‌బాక్సు శబ్దం విని లోపం ఎక్కడుందో చెప్పేవారు ఎందరో ఉన్నారు. హైదరాబాద్ బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి ప్రాంతాల్లో చిన్న చిన్న షెడ్లలో అంతరిక్ష, రక్షణ రంగాలకు పనికొచ్చే విడిభాగాలు చేసే టర్నర్లు, మిల్లింగ్ పనివారు ఉన్నారు. వారి దగ్గర ఎప్పటి నుంచో కుర్రవాళ్లు హెల్పర్లుగా చేరి పని నేర్చుకుంటూనే ఉన్నారు. మన దేశంలో అసలైన అప్రెంటిస్‌షిప్ ఎక్కువగా నడుస్తున్నది ఈ షెడ్లలోనే. దానికి ఒప్పందం లేదు, స్టైపెండ్ లేదు, బీమా లేదు, చివర సర్టిఫికెట్ లేదు. ప్రభుత్వం మద్దతు ఇవ్వవలసింది ముందు వీరికి. ఇప్పటి నిబంధనలు నలుగురి నుంచి 29 మంది వరకు పనిచేసే సంస్థలు తమ ఇష్టం మీద అప్రెంటిస్‌లను తీసుకోవచ్చని చెబుతున్నాయి. కానీ పోర్టల్‌లో నమోదు, ఆధార్ ఆధారిత ఒప్పందాలు, నెలనెలా హాజరు వివరాలు ఎక్కించడం, తన వాటా ముందు చెల్లించి రుజువు చూపడం, ఇవన్నీ ముగ్గురు నలుగురు పనివారితో నడిచే షెడ్ యజమాని ఒంటరిగా చేయలేడు. పదిహేను ఇరవై షెడ్లకు కలిపి దగ్గరలోని ఐటీఐ ఈ కాగితం పనిని తన మీద వేసుకోవచ్చు. అప్రెంటిస్ వారానికి ఒకరోజు ఐటీఐకి వచ్చి డ్రాయింగ్ చదవడం, లెక్కలు, భద్రతా సూత్రాలు నేర్చుకుని, మిగిలిన రోజులు మేస్త్రీ దగ్గర ఉండవచ్చు. ఆ మేస్త్రీ ఏడో తరగతి దాటి చదవకపోయినా సరే, అతని పనిని పరీక్షించి శిక్షకుడిగా గుర్తింపు పత్రం ఇవ్వవచ్చు. 1968 నుంచి బాలానగర్‌లో ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వంటి సంస్థకు, విద్యానగర్‌లో ఐటీఐ శిక్షకులను తయారుచేసే జాతీయ సంస్థకు ఇలాంటి మేస్త్రీలకు నేర్పే పద్ధతి మీద కొద్ది రోజుల తరగతులు నడపడం కష్టమైన పనేమీ కాదు. ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన కేంద్రాలుగా మార్చే పనిని తెలంగాణ ప్రభుత్వం 2024లో చేపట్టింది. రోబోలు, సీఎన్‌సీ యంత్రాలు రావడం చాలా మంచిదే. ఆ కేంద్రాల ప్రణాళికలో చుట్టుపక్కల షెడ్ల మేస్త్రీకి కూడా ఒక పాత్ర ఉండాలని నా విన్నపం.

ఒకప్పుడు ఈ బాధ్యతను ప్రభుత్వరంగ సంస్థలు మోశాయి. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్, విశాఖ ఉక్కు కర్మాగారం, హిందుస్థాన్ షిప్‌యార్డ్, విశాఖ నౌకాదళ డాక్‌యార్డ్ అప్రెంటిస్‌ల పాఠశాల, లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, సింగరేణి గనులు ఎన్నో తరాల పనివారిని తీర్చిదిద్దాయి. అక్కడ నేర్చుకున్నవారు తరువాత ప్రైవేటు కర్మాగారాలకు వెళ్లి అక్కడివారికి నేర్పారు. ఆ సంస్థల్లో శాశ్వత సిబ్బంది తగ్గుతున్న కొద్దీ నేర్పే చేతులు కూడా తగ్గుతున్నాయి. ప్రభుత్వరంగాన్ని లాభనష్టాల పట్టికలో మాత్రమే తూచేవారు ఈ నష్టాన్ని ఏ గడిలోనూ చూపరు. రైల్వేలు తమ దగ్గర శిక్షణ పూర్తిచేసినవారికి లెవల్-1 (అన్నిటికంటే కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం కేటాయిస్తున్నాయి. అది చాలదంటూ 2018 మార్చిలో ముంబయిలో అప్రెంటిస్‌లు పట్టాల మీద కూర్చుని లోకల్ రైళ్లను ఆపిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఇతర అర్హతలు సమానమైనప్పుడు శిక్షణ పొందిన అప్రెంటిస్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని, శిక్షణ ఇచ్చిన సంస్థ ఏ ఏడాది ఎవరు శిక్షణ పొందారో జాబితా నిర్వహించాలని ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. మన రెండు రాష్ట్రాల ఆర్టీసీలు, విద్యుత్ సంస్థలు, సింగరేణి ఆ జాబితాలను ప్రజలందరూ చూసేలా తమ వెబ్‌సైట్లలో పెడితే, ఏటా ఎంతమంది శిక్షణ పొందారో, వారిలో ఎందరికి పని దొరికిందో ఎవరైనా చూసుకోగలరు.

భద్రత గురించి కూడా ఒక మాట చెప్పక తప్పదు. 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో, 2025 జూన్‌లో పాశమైలారంలో ఔషధ కర్మాగారాల్లో జరిగిన ఘోర ప్రమాదాలు మన కళ్ల ముందే ఉన్నాయి. ఫ్యాక్టరీల చట్టంలోని ఆరోగ్య, భద్రతా అధ్యాయాలు అప్రెంటిస్‌లకు వర్తిస్తాయని, గాయపడితే నష్టపరిహారం ఇవ్వాలని అప్రెంటిస్‌ల చట్టమే చెబుతోంది. రసాయనాల మధ్య, తిరిగే యంత్రాల మధ్య అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉండేది అందరికంటే తక్కువ తెలిసినవాడే. వాల్వు ఎటు తిప్పితే ఏమవుతుందో, మరమ్మతుకు ముందు కరెంటు కట్ చేసి తాళం ఎందుకు వేయాలో చెప్పే అనుభవజ్ఞుడు పక్కన లేకుండా పద్దెనిమిదేళ్ల కుర్రవాడిని ప్రొడక్షన్ బ్లాకులోకి పంపడం నేరమని నేను నమ్ముతాను. ఇక్కడ కూడా సమస్య నేర్పే మనిషి దగ్గరకే వస్తుంది.

పరిశ్రమల యజమానుల అభ్యంతరం నాకు తెలియనిది కాదు. ఖర్చుపెట్టి నేర్పిస్తే ఆ కుర్రవాడు రెండు వేలు ఎక్కువ ఇచ్చే పక్క కర్మాగారానికి వెళ్లిపోతాడు, మేమెందుకు నేర్పాలి అని వారు అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. సరిగ్గా ఈ కారణం చేతనే నేర్పే ఖర్చులో ప్రభుత్వం వాటా పంచుకోవాలని నేను అంటున్నాను. నేర్చుకున్నవాడు ఎక్కడ పనిచేసినా ప్రయోజనం ఈ సమాజానికే అందుతుంది కనుక ఆ భారాన్ని ఒక్క యజమాని మీదే వేయడం సరికాదు. చేరిన తలకు ఇచ్చే సొమ్ముకు తోడు, శిక్షణ ముగించి ట్రేడ్ పరీక్షలో నెగ్గిన ప్రతి అప్రెంటిస్‌కు ఇంత అని అతనికి నేర్పిన శిక్షకుడి ఖాతాలో నేరుగా భత్యం వేస్తే, యజమాని కూడా అతనికి వారంలో కొన్ని గంటలు ఉత్పత్తి లక్ష్యం నుంచి మినహాయింపు ఇస్తే పరిస్థితి ఎంతో మారుతుంది. అప్రెంటిస్‌కు నేరుగా డబ్బు వేసే యంత్రాంగం ఇప్పటికే ఉంది కనుక శిక్షకుడికి వేయడానికి కొత్త వ్యవస్థ ఏదీ నిర్మించనక్కరలేదు. ఆ భత్యం కోసం పరీక్షలను తేలిక చేస్తారన్న అనుమానం రావచ్చు. అందుకే పరీక్షను శిక్షణ ఇచ్చిన సంస్థలో కాక వేరే చోట, వేరే పరీక్షకుల చేత చేయించాలి. ఐటీఐల్లో మేము ఎన్నో ఏళ్లుగా బయటి పరీక్షకులతో ఆ పద్ధతి నడిపాం, అది సాధ్యమే.

కేంద్రం నిర్ణయించవలసినవి కొన్ని ఉన్నా, రాష్ట్రాలు ఢిల్లీ వైపు చూడకుండా చేయగలిగిన పనులూ ఉన్నాయి. చట్టప్రకారం ప్రతి రాష్ట్రానికీ ఒక అప్రెంటిస్‌షిప్ మండలి, అప్రెంటిస్‌షిప్ సలహాదారు ఉండాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఆ మండళ్లను క్రమం తప్పకుండా సమావేశపరచి, అందులో యజమానులతో పాటు షాప్‌ఫ్లోర్ శిక్షకులను, ఐటీఐ బోధకులను, శిక్షణ పూర్తిచేసిన యువతను కూర్చోబెట్టాలి. అప్రెంటిస్‌లను తీసుకుంటున్న ప్రతి సంస్థ పేరు ఎదుట, చేరినవారెందరు, మధ్యలో మానేసినవారెందరు, పరీక్ష నెగ్గినవారెందరు, నేర్పడానికి నియమించిన వ్యక్తి ఎవరు, అతని అర్హత ఏమిటి అన్న వివరాలు జిల్లాల వారీగా ప్రకటించాలి. ఐటీఐలో చేరబోయే పిల్లవాడి తండ్రి ఏ కర్మాగారానికి పంపాలో ఆ పట్టిక చూసి నిర్ణయించుకోగలగాలి. సలహాదారు కార్యాలయాల్లోని ఖాళీలను ట్రేడ్ తెలిసిన ఐటీఐ బోధకులతో నింపి, ముందస్తు సమాచారం లేకుండా వెళ్లి లాగ్‌బుక్‌ను కాక కుర్రవాడి చేతిపనిని చూసి రమ్మని వారిని పంపాలి. ఒక దిమ్మె, ఒక ఆకురాయి ఇచ్చి గంటసేపు చూస్తే అతనికి ఏం నేర్పారో తెలిసిపోతుంది.

మీ పత్రికకు దాదాపు ప్రతి మండలంలోనూ విలేఖరులు ఉన్నారు. మీ జిల్లా ఎడిషన్లు తమ తమ పారిశ్రామిక వాడల్లో ఈ ఏడాది చేరిన అప్రెంటిస్‌ల దగ్గరకు వెళ్లి, మీకు పని నేర్పుతున్నది ఎవరని అడిగి, వారి సమాధానాలను ప్రచురించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత ఐటీఐ బోధకుడు (ఫిట్టర్ ట్రేడ్),
విజయవాడ.